కుక్కలు లేని వాడ

జనగామలో మా వీధి కుక్కలకూ నాకూ చాలా ఏళ్ళు పడేది కాదు. నేను కోర్టు నుంచి స్కూటీ మీద ఇంటికొచ్చే వేళకు అవి సరిగ్గా మలుపులో నిలబడి ఉండేవి. నల్లకోటు కనబడితే చాలు, వెంటపడేవి. నేనూ ఏం తక్కువ తినలేదు. మా అమ్మ మాటల్లో చెప్పాలంటే నాకు పుట్టుకతోనే నోరెక్కువ. కుక్క మీదైనా, ఎదుటి వకీలు మీదైనా ఒకే గొంతుతో లేస్తాను. వీటిని పట్టుకుపొమ్మని మున్సిపాలిటీ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి, అక్కడి గుమాస్తా నన్ను గేటు దగ్గర చూడగానే టీ తాగడానికి లేచిపోయేదాకా తెచ్చుకున్నాను.

ఇప్పుడు ఆ ఆఫీసుకు పోవడం లేదు. ఇప్పుడు కుక్కలు మొరుగుతుంటేనే నాకు నిద్ర పడుతుంది. అన్నీ ఒక్కసారిగా ఆగిపోతే మెలకువ వచ్చేస్తుంది. లేచి తలుపు గడియ చూసుకుని, ఎక్కడో ఒకటి గొంతు విప్పేదాకా అక్కడే నిలబడతాను. మా ఆయన మొదట్లో నవ్వేవాడు, "వాటి మీద అర్జీలు పెట్టింది నువ్వే కదనే" అని. తర్వాత నవ్వడం మానేశాడు. నన్ను ఇలా మార్చింది ఒక అక్క, ఆమె అత్త. వాళ్ళ సంగతి చెబుతాను. పేర్లు చెప్పను, ఊరి పేరూ చెప్పను.

మా బాపు నన్ను లా చదివించింది మా పాలివాళ్ళతో ఉన్న పొలం గెట్టు తగాదా తేల్చుకోవడానికి. ఆ తగాదా ఇప్పటికీ తేలలేదు, అది వేరే సంగతి. నా బతుకుతెరువు గెట్టు కేసులూ, మనోవర్తి కేసులూ. మనసు పెట్టి తిరిగింది మాత్రం ఇంకో పని మీద. భూపాలపల్లి వైపు అడవిని ఆనుకున్న ఊర్లలో తుపాకులు రెండు వైపుల నుంచీ తిరిగిన రోజులున్నాయి. అప్పుడు చనిపోయిన మగవాళ్ళ పేర్లు ఒక వైపు వాళ్ళవి స్తూపాల మీద ఉన్నాయి, ఇంకో వైపు వాళ్ళవి స్టేషన్ గోడల మీద ఉన్నాయి. ఆ రోజుల్లో ఆడవాళ్ళ మీద జరిగింది ఎక్కడా లేదు. మేం కొందరం ఆడవాళ్ళం కలిసి ఆ ఊర్లు తిరుగుతాం. ఎవరైనా చెప్పుకుంటామంటే కూర్చుని వింటాం, వాళ్ళు కోరితే వాళ్ళ తరఫున మాట్లాడతాం. అంతకు మించి గొప్పేమీ లేదు.

వినేవాళ్ళకేం నష్టం అనుకుంటారు. విన్నది ఇంటిదాకా వెంట వస్తుంది. జరిగిన ఘోరం రాదు, దాని పక్కనున్న చిన్న వస్తువు ఏదో వస్తుంది. ఒకామె చెప్పిన బిందె దొర్లిన చప్పుడు మా వంటింట్లో నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఇంకొకామె బీడీ వాసన గురించి చెప్పింది. ఆ తర్వాత మా బంధువుల పెళ్ళిలో ఎవరో పెద్దాయన పక్కన నిలబడి బీడీ ముట్టిస్తే, నేను విస్తరి ముందు నుంచి లేచి బయటికి వచ్చేశాను. ఆడపిల్ల వాళ్ళు మర్యాద తక్కువైందేమోనని నా వెంట పరుగెత్తుకొచ్చారు. నాకు భయం వేసిందని వాళ్ళకు ఎలా చెప్పను?

ఆ అక్క ములుగు ఘనపూర్‌లో ఒక మీటింగు అయ్యాక నన్ను కొంగు పట్టుకుని ఆపింది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. కూలి పనితో ఎండిన ఒళ్ళు, నూనె పెట్టి గట్టిగా చుట్టిన ముడి.

"చెల్లె, నువ్వు వకీలువంట గద. నాకు కేసు వద్దు, పైసలు వద్దు. గది జరిగింది అని ఎవలన్న ఒక్కలు నోటితోని అనాలె. మా ఇంట్ల గిప్పటిదాక ఎవ్వలు అనలె," అంది.

ఏది జరిగింది అని నేను అడగలేదు. ఆమె కూడా ఆ రోజు చెప్పలేదు. కొంచెం కొంచెంగా, ఒకసారి మిరప చేను గట్టు మీద, ఒకసారి దవాఖాన వరండాలో, చాలాకాలానికి చెప్పింది.

ఇప్పపూల కాలం. తెల్లవారకముందే ఆడవాళ్ళు గంపలు పట్టుకుని అడవిలోకి పోయి రాలిన పూలు ఏరుకొస్తారు. ఎండ ఎక్కితే పూలు వాడిపోతాయి, పశువులు మేసిపోతాయి. అక్క తొలిచూలు పురుడు పుట్టింట్లో పోసుకుని, చంటిబిడ్డతో ముందురోజు సాయంత్రమే అత్తగారింటికి వచ్చింది. భర్త బొగ్గుబావి డ్యూటీలో ఉన్నాడు. అత్త గంప పట్టుకుని, తలుపు దగ్గరగా వేసి, పూలకు పోయింది. అప్పుడు వచ్చారు వాళ్ళు. ఆ ఇంట్లో జరిగింది నేను ఇక్కడ రాయను. ఆమె అది నాకు చెప్పుకుంది, మీకు కాదు.

వాళ్ళు ఎవరు అని అడుగుతారు. ఆకుపచ్చ బట్టలూ తుపాకులూ అక్కడ రెండు వైపులా ఉండేవి. వీళ్ళకు అన్నం పెడితే వాళ్ళు కొట్టేవాళ్ళు, వాళ్ళకు నీళ్ళిస్తే వీళ్ళు నిలదీసేవాళ్ళు. ఆ ఊర్ల బతుకు అడకత్తెరలో పోకచెక్క. వచ్చింది ఎవరో అక్కకు తెలుసు, చెప్పాల్సిన చోట చెప్పింది. నేనిక్కడ చెబితే చదివేవాళ్ళలో సగం మంది ఆమెను వదిలేసి పక్షం పట్టుకుని కొట్టుకుంటారు. అది నేను చాలాసార్లు చూశాను, ఇక చూసే ఓపిక లేదు.

అక్క చెప్పినదాంట్లో నన్ను వదలనిది ఒక్క ముక్క.

"సప్పుడే లేకుండె చెల్లె. ఎనుక చెట్టు కింద ఇప్పపువ్వు రాలితే గూడ ఇనబడ్డది. మనిషి వాడల అడుగు పెడితే మొరిగెటియి, ఒక్కటంటే ఒక్క కుక్క మొరుగలె. నేను పుట్టింటికి పోయినప్పుడు మస్తుండె. వచ్చేటాళ్ళకు ఒక్కటి లేదు. రోగమొచ్చి సచ్చినయంట."

ఆమె ఇంటికి నేను చాలాసార్లు పోయాను. అప్పటి చంటిబిడ్డకు పెళ్ళై వేరే ఊర్లో ఉంది. భర్త జబ్బుచేసి పోయాడు. మిగిలింది అత్తాకోడళ్ళు. ఆ ముసలమ్మ నాకు మొదటి నుంచీ మింగుడుపడలేదు. కోడలి మొహం చూసి మాట్లాడేది కాదు. చెప్పాల్సిందేదైనా పొయ్యికి చెప్పేది, దండెం మీది బట్టలకు చెప్పేది. "ఉప్పు అయిపోయింది" అని గోడతో అంటే, కోడలు పోయి ఉప్పు తెచ్చేది. ఇంకో అలవాటు కూడా ఉండేది. మా వైపు ఎంత లేనివాళ్ళయినా చివరి ముద్ద వాకిట్లో కుక్కకు వేస్తారు. ఈవిడ గిన్నెలో మిగిలిన మెతుకులు ఇంటి వెనక్కి తీసుకుపోయి, చిన్న గుంట తీసి, వేసి, మట్టి కప్పేది. ఆ వాడలో ఇప్పుడు మళ్ళీ కుక్కలున్నాయి. అవి ఈ ఇంటి వాకిలి దాకా వచ్చి, ఆశ లేదని తెలిసి వెళ్ళిపోయేవి.

"పిసినారితనం కాదు," అని అక్క నవ్వేది. "మా అత్తకు కుక్కలు పడవు."

అప్పట్లో నాకూ పడేవి కావు కాబట్టి ఆ ఒక్క విషయంలో ముసలమ్మ నాకు నచ్చింది. మిగతా విషయాల్లో నేనూ అక్కా ఒకే మాట అనుకున్నాం: ఇంటి పరువు పోయిందని అత్తకు కోడలి మీద కోపం, అందుకే మొహం చూడదు, అందుకే ఆ మాట ఎత్తదు. ఇంటి గుట్టు లంకకు చేటు అని కడుపులో పెట్టుకుంది. ఇలాంటి అత్తల్ని నేను చాలామందిని చూశానని నాకు నమ్మకం.

ఆ మధ్య పాత సంగతులు వినడానికి ఒక కమిటీ వేశారు. రిటైరైన జడ్జిగారొకామె దానికి పెద్ద. వాళ్ళ తీర్పుతో ఎవరికీ శిక్ష పడదు. విని, నమ్మితే, ఇది జరిగిందని తమ నివేదికలో చేరుస్తారు. అక్క కోరింది సరిగ్గా అదే. భూపాలపల్లిలో మొదటి విచారణకు ఆమెను నేను వెంటబెట్టుకుని పోయాను. ఇస్త్రీ చేసిన చీర కట్టుకుని, బస్సులో దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడకుండా వచ్చింది.

చెప్పింది. వణక్కుండా చెప్పింది. మధ్యలో "గప్పుడు పొయ్యి మీద పాలు ఉడుకుతానయ్" అంటే టైపు చేసే అబ్బాయి పెదవి కొరుక్కుని నవ్వాడు. సినిమాల్లో మా మాట వినపడగానే నవ్వడం అలవాటైపోయిన ప్రాణం. నేను లేచి, "ఏం బాబూ, పాలు మీ ఇంట్లో వేరే రకంగా ఉడుకుతాయా?" అని అడిగాను. జడ్జిగారు నన్ను కూర్చోమన్నారు, ఆ అబ్బాయిని బయట నీళ్ళు తాగి రమ్మన్నారు. మంచి మనిషి. ఆమె అడిగిన ప్రశ్న కూడా మంచి ప్రశ్నే.

"బూట్లు వేసుకున్న అంతమంది మీ వాడ దాటుకుని వచ్చారంటున్నారు. కుక్కలు మొరగలేదా అమ్మా? ఎవరూ లేవలేదా?"

"కుక్కలు లేకుండె మేడం. రోగమొచ్చి అన్నీ సచ్చినయంట."

జడ్జిగారు ముందున్న కాగితాలు తిరగేశారు. అక్క ముందే రాయించి ఇచ్చిన అర్జీలోనూ ఈ కుక్కల మాట ఉంది, అది చూసి ఊరి పెద్దల్ని కమిటీ అంతకుముందే పిలిపించి మాట్లాడిందట. ఆ ఊర్లో కుక్కలకు ఎప్పుడూ ఏ రోగం రాలేదని వాళ్ళందరూ ఒక్క గొంతుతో చెప్పారట. "మీ మాట నమ్మాలనే నాకుంది. కానీ ఒక్క కుక్క కూడా లేని ఊరు ఉంటుందా? ఈ ఒక్క మాట దగ్గర మీరు చెప్పింది తప్పని తేలితే మిగతాదంతా కూడా అనుమానంలో పడుతుంది," అన్నారామె. మహబూబాబాద్‌లో మరో విచారణ ఉంటుందని, అప్పటికి ఆ ఊరి మనిషి ఎవరినైనా తీసుకురమ్మని చెప్పారు.

బయటికి వచ్చాక అక్క మెట్ల మీద కూర్చుండిపోయింది. "అంతా జెప్పిన చెల్లె. వాళ్ళు కుక్క కాడ ఆగిండ్రు," అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక ఆటోవాడితో గొడవపడ్డాను.

నాకు ఒక అనుమానం ఉంది. ఆ చుట్టుపక్కల వేరే ఊర్లలో విన్న సంగతి. అడవిలో ఉండేవాళ్ళు ఊర్లోకి వచ్చిపోతుంటే కుక్కలు మొరిగి జాడ చెప్పేస్తున్నాయని, వాటిని లేకుండా చేయమని కొన్ని ఊర్లకు కబురు పెట్టారట. కాదనే దమ్ము ఎవరికుంది? చేసిన ఊర్లు తర్వాత ఆ మాట ఎత్తలేదు. చేశామని ఒప్పుకుంటే, వాళ్ళ మాట విన్నారని ఇవతలివాళ్ళు పట్టుకుపోతారు. తుపాకులు పోయినా ఆ భయం పోలేదు.

ఇప్పపూలు రాలే రోజుల్లోనే ఊరికి పోయాను. ఆ తీపి వాసన బస్సు దిగగానే ముక్కుకు తగిలింది. ఊళ్ళోకి కొత్తగా వచ్చినవాళ్ళయితే బాగుందనే అంటారు. నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నడిచాను. చావడి దగ్గర పెద్దమనిషిని పట్టుకుని సూటిగానే అడిగాను. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"గవన్ని ఇప్పుడెందుకు తల్లీ? రోగమొచ్చిందా అని అడిగిండ్రు, రాలేదన్నం. అడిగిందానికి జెప్పినం."

"మీ ఊరి ఆడబిడ్డ అబద్ధాలకోరు అయ్యింది, తెలుసా?"

"మా పిలగాండ్లకు ఇప్పుడిప్పుడే కొలువులు వస్తానయ్. పాత కేసులు తోడితే పరేషాన్ అయితది. మమ్ముల ఇడిసిపెట్టు."

నా గొంతు ఎంత లేచిందో చావడిలో పేకాట కూడా ఆగిపోయింది. లాభం లేకపోయింది. నోరున్నమ్మదే రాజ్యం అంటారు కానీ అది అబద్ధం. ఆ రోజు ఆ ఊర్లో నాదే పెద్ద నోరు, ఒక్క మనిషిని కదిలించలేకపోయాను.

అక్క ఇంటికి పోయి, పెట్టిన అన్నం తిని, పెరటి గుమ్మం అంచు మీద కూర్చున్నాను. మధ్యాహ్నం ఎండ. ముసలమ్మ ఎప్పటిలాగే గిన్నె పట్టుకుని ఇంటి వెనక్కి పోయి గుంట తీస్తోంది. పొద్దుటి కోపం ఇంకా దిగలేదు నాకు. లోపల కోడలు గిన్నెలు తోముతోంది. ఆమె వినాలనో, ఈమెను పొడవాలనో, గట్టిగానే అన్నాను:

"అవ్వా, ఆ మెతుకులు కుక్కకు వేస్తే పుణ్యమన్నా వస్తది. మన్నుల పెడితే ఏమొస్తది? ఊర్లో కుక్కలున్నయా లేవా అన్న ఒక్క మాట మీద నీ కోడలి బతుకంతా ఆగింది అక్కడ. ఊరు ఊరంతా నోరు కుట్టుకున్నది. నీకేమో కుక్కలంటేనే పడదాయె."

ఆమె చెయ్యి మట్టిలో ఆగింది. తిరిగి చూడలేదు. తర్వాత మట్టి కప్పి, చేతులు కడుక్కుని, లోపలికి పోయి పడుకుంది. నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను.

మహబూబాబాద్ విచారణకు ముందురోజు నాకు భూపాలపల్లిలో పని ఉండి అక్కడే ఆగాను. పొద్దున్నే ఘనపూర్ బస్టాండుకు పోతే అక్క ఒక్కతే ఉంటుందనుకున్నాను. పక్కన ముసలమ్మ కూర్చుని ఉంది. ఉతికిన తెల్లచీర, ఒడిలో సద్దిమూట.

"నేనొస్త," అంది బస్టాండు స్తంభంతో.

అక్క మొహం పాలిపోయింది. బస్సులో కిటికీ పక్కన ముసలమ్మ కునుకు తీస్తుంటే నా చెవిలో గుసగుసగా అంది. "అక్కడేం జెప్తదో చెల్లె. గిసొంటిదేం జరగలేదు, కోడలు ఉత్తగ అంటాంది అంటదేమో. నాకు భయమైతాంది. జర ఆపు."

నేను ఎలా ఆపగలను? దింపేసి పోదామా అని ఒక క్షణం అనుకున్నాను కూడా. నర్సంపేట దాటేదాకా నా బుర్రలో వాదనలే. ఆమె జరగలేదంటే ఏం అడగాలి, పరువు కోసం అబద్ధం చెబుతోందని ఎలా నిరూపించాలి, అన్నీ వరసగా పేర్చుకున్నాను. నిద్రపోతున్న ఆ ముసలి మనిషి మీద నేను కేసు కట్టేశాను.

మహబూబాబాద్‌లో విచారణ ఒక పాత ఆఫీసు హాల్లో. ఫ్యాన్లు గట్టిగా తిరుగుతున్నాయి. జడ్జిగారు నన్ను చూసి, "ఊరివాళ్ళెవరైనా వచ్చారా?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే ముసలమ్మ లేచింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడి చెప్పింది.

"మా వాడల కుక్కలకు రోగం రాలె అమ్మా. మందు పెట్టి సంపినం. అడివిలకెల్లి వచ్చినోళ్ళు జెప్పిండ్రు, కుక్కలు ఉండొద్దని. ఎవలింటి కుక్కను వాళ్ళే తియ్యాలె అన్నరు. ఎవ్వలకు చేతులు రాలె. అన్నిటిని నా కాడికి తోలిండ్రు. నా చేతి బువ్వయితే తింటయని."

"మీ చేతిదే ఎందుకు?"

"రోజు పెడ్తుంటి గద. గంజో, సద్దో, మిగిలింది ఏదన్న. నన్ను జూస్తే వాడంత తోకలూపుకుంట వచ్చెటియి. పత్తికి కొట్టే మందు బువ్వల గలిపిన. అన్ని తిన్నయ్. మా ఇంటి ఎర్రకుక్క తినలె. ఈనిన కుక్క అది. వాసన జూసి ఎనుకకు పోయింది. నా మొకం దిక్కు జూసింది. తినవే, నేనే గద పెడ్తున్న, అన్న. అప్పుడు తిన్నది."

టైపు చేసే అబ్బాయి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"కోడలు పుట్టింటికాడ ఉన్నది. వస్తే రోగమని జెప్పినం. పొద్దుగాల్ల ఇప్పపువ్వుకు పోయిన. గడియ పెట్టుకోమని లేపకుంట, తలుపు దగ్గరికేసి పోయిన. ఎర్రకుక్క ఉన్నప్పుడు గట్లనే పోయెటిదాన్ని. అది గడప కాడ పండుకుంటే గడియతోని పనేంది? లేదన్న యాది లేకపాయె నాకు. నేను సంపి, నేనే మరిచిన."

ఆ తర్వాత మాట మాత్రం బల్లతో అనలేదు, గోడతో అనలేదు. తల తిప్పి కోడలి వైపు చూసి అంది.

"గంప పట్టుకొని నేను వచ్చేటాళ్ళకు వాళ్ళు మా ఇంట్లకెల్లి ఎల్తాండ్రు. నా కండ్లతోని జూసిన. గది జరిగింది. నా బిడ్డ జెప్పింది నిజం."

వాళ్ళెవరో కూడా చెప్పింది. జడ్జిగారు కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టారు. "రాయండి," అన్నారు ఆ అబ్బాయితో. "ఆ రోజు ఆ వాడలో కుక్కలు లేవు. బాధితురాలు చెప్పింది జరిగింది." నేను బస్సులో పేర్చుకున్న వాదనలన్నీ నా నోట్లోనే ఉండిపోయాయి. జీవితంలో అంత సిగ్గుగానూ అంత తేలిగ్గానూ నాకు ఎప్పుడూ అనిపించలేదు.

బయట వరండాలో అక్క అత్త ఎదురుగా నిలబడింది. కొంగు నోట్లో కుక్కుకుని, తీసి, అడిగింది.

"గిన్నేండ్లు నా మొకం జూడకుంట తిరిగితివి. నేను మైలపడ్డ, నీకు ఏవగింపు అనుకున్న అత్తా. నీ కొడుకు సచ్చిననాడు గూడ నువ్వు నా దిక్కు జూడలె."

"నీకు మైలేంది బిడ్డా," అంది ముసలమ్మ. "నీ మొకం జూస్తే గా కుక్క నన్ను జూసినట్టే ఉండె నాకు."

ఇద్దరూ ఏడ్చారు. పట్టుకుని ఏడవలేదు, ఎవరి కొంగు వాళ్ళు పట్టుకుని, పక్కపక్కన నిలబడి ఏడ్చారు. నేనూ ఏడ్చాను. దాచుకోవడం ఎందుకు?

నాకు జనగామకు రైలుంది. వాళ్ళను బస్సెక్కించి పోదామని బస్టాండుకు వెంట నడిచాను. బెంచీ మీద కూర్చుని ముసలమ్మ సద్దిమూట విప్పింది. ఆకులో కట్టిన పులిహోర. మా ముగ్గురికీ సరిపోయి ఇంకా మిగిలింది. ఎక్కడి నుంచి వచ్చిందో బక్కచిక్కిన కుక్క ఒకటి మా ఎదురుగా వచ్చి కూర్చుంది. గోధుమరంగుది, ఒక చెవి చిరిగి ఉంది.

ముసలమ్మ ఆ మిగిలింది చేతిలోకి తీసుకుంది. చెయ్యి కొంచెం ముందుకు చాచింది. అక్కడే ఆగింది. తర్వాత ఆకుతో సహా కోడలి ఒళ్ళో పెట్టింది.

"నువ్వు పెట్టు బిడ్డా. నా చేతిది వద్దు."

అక్క వంగి ఆకు నేల మీద పెట్టింది. కుక్క వాసన చూసింది. ఎందుకో ఒక అడుగు వెనక్కి వేసింది. ముసలమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది.

"తిన్నదత్తా," అంది అక్క కాసేపటికి. "మంచిగ తింటాంది. తోకూపుతాంది, సూడు."

ముసలమ్మ కళ్ళు తెరిచింది. కుక్క ఆకు నాకి, రెండు చుట్లు తిరిగి, బెంచీ నీడలో పడుకుంది. అప్పుడే వాళ్ళ బస్సు వచ్చింది. కండక్టరు నర్సంపేట, ములుగు అని అరుస్తున్నాడు. అక్క సంచీ పట్టుకుని లేచింది. ముసలమ్మ లేవలేదు. పడుకున్న ఆ కుక్క డొక్క మీదే ఆమె చూపు, పైకి లేస్తోందా కిందికి దిగుతోందా అని.

"గిది పోనియ్యి," అంది. "ఇంకో బస్సుకు పోదాం. అది లేచేదాక ఉందాం."

అక్క సంచీ కింద పెట్టి అత్త పక్కన కూర్చుంది. బస్సు వెళ్ళిపోయింది. అవతల స్టేషన్‌లో నా రైలు కూత వినిపించింది. నేనూ కూర్చున్నాను.